బాలచంద్ర సైకిలెక్కిన విధము

పూతలపట్టు ప్రజలకు తెలియజేయడమేమనగా, బెల్లం మండీలో గుమస్తాగా ఉన్న బాలచంద్ర సైకిలు కొనదలచాడు. ఈ ప్రకటన ఆయన నోటినుంచి వచ్చింది కాదు. చిత్తూరులో మోకాళ్ళ డాక్టరుకు చూపించుకుని వస్తూ ఒక సైకిలంగడి ముందు కాసేపు నిలబడ్డాడు, అంతే. ఆయన ఊళ్ళో బస్సు దిగేసరికి టీ అంగడి దగ్గర ఆ విషయం మీద రెండు వర్గాలు ఏర్పడి ఉన్నాయి. సైకిలు విరుగుతుందని ఒక వర్గం. విరగదు, వంగుతుందని ఇంకొక వర్గం.

బాలచంద్ర బరువు నూటముప్పై కిలోలు. ఇందులో రహస్యం లేదు. మండీలో కాటా ఉంది, కాటా చుట్టూ జనం ఉన్నారు, ఎక్కమంటే కాదనని మనిషి బాలచంద్ర. బెల్లం ధర పడిపోయిన రోజుల్లో రైతులకు ఇంతకు మించిన ఓదార్పు లేదు. ఆయన ఎక్కుతాడు, ముల్లు పరుగెత్తుతుంది, అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వి దిగుతాడు. ధర ఎట్లా ఉన్నా ఒక సరుకైనా పెరుగుతున్నందుకు సంతోషించి రైతులు ఇంటికి పోతారు.

డాక్టరు చెప్పింది సూక్ష్మంగా ఇది. నడిస్తే మోకాళ్ళు అరుగుతాయి. కూర్చుంటే బరువు పెరుగుతుంది. ఆర్నెల్లలో తగ్గకపోతే మోకాళ్ళకు కత్తి పెట్టాలి. కాబట్టి సైకిలు తొక్కు.

కత్తి అనేసరికి బాలచంద్రకు చెమటలు పట్టాయి గానీ, సైకిలు అనేసరికి లోపల ఎక్కడో ఒక గంట మోగింది. ఆయన చిన్నప్పుడు మా ఊళ్ళో సైకిళ్ళు అద్దెకు ఇచ్చేవాళ్ళు. తోటి పిల్లలు ఆయనకు ఒక బాధ్యత గల పదవి ఇచ్చారు. వాళ్ళు ఎక్కేదాకా సైకిలు పట్టుకోవడం. ఆ పదవిలో ఆయన హైస్కూలు దాటేదాకా కొనసాగాడు.

ఈ పరిస్థితుల్లో ఊరు ఊరికే ఉండడం ధర్మం కాదు. ఆ సాయంత్రమే టీ అంగడి బెంచీల మీద 'భారీకాయ సైకిలు ఎంపిక సలహా సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు మాజీ సర్పంచి పరంధామయ్య గారు. గాలి గట్టిగా వీస్తే ఆయన భుజం మీది కండువాను పట్టుకోరు, కండువాయే ఆయన్ను పట్టుకుంటుంది. కార్యదర్శి మునిశేఖర్. ఇతను సెల్‌ఫోనులో సైకిళ్ళ వీడియోలు చూస్తాడు. సైకిలు మాత్రం తొక్కడు, వీధి చివరి అంగడికి కూడా మోటారుసైకిలు మీదనే పోతాడు. తక్కిన సభ్యులంతా బక్కవాళ్ళే. లావుపాటి వాళ్ళను వేసుకుంటే సొంత లాభం చూసుకుంటారని అధ్యక్షులవారు ముందే జాగ్రత్తపడ్డారు.

పరంధామయ్య గారు బెంచీ ఎక్కి ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! బాలచంద్ర ఒక మనిషి కాదు, ఇది మీరు గమనించాల. ఆయన బరువు ఆయన సొంతం కాదు. ఇన్నేండ్లుగా మనమంతా సూసి, తూచి, కాపాడుకున్న ఉమ్మడి ఆస్తి. ఆ ఆస్తిని రెండు చక్రాల మీద పెట్టే ముందు మనల్ని అడగాల్నా, వద్దా? రోడ్డు మనది. రోడ్డుకు ఏమన్నా అయితే ఎవురు జవాబుదారి? అందుకే ఈ సంఘం. ఆయనకు తగిన సైకిలు భూమ్మీద ఉండాదా లేదా అనేది మేం తేలుస్తాం. అంతవరకు ఆయన తొందరపడకుండా కూచోవాలని కోరుతా, అంతటితో ముగిస్తావుండా."

చప్పట్లు మోగాయి. బాలచంద్ర కూడా కొట్టాడు. మర్యాద గల మనిషి.

మరుసటి ఆదివారం సంఘం యావత్తూ బాలచంద్రను వెంటబెట్టుకుని తిరుపతికి బయలుదేరింది. షేర్ ఆటో దొరికింది. అందులో అప్పటికే ఒక పెండ్లి నుంచి వస్తున్న కుటుంబం ఉంది. సంఘ సభ్యులు కొందరు ఒళ్ళల్లో కూర్చున్నారు, కొందరు డ్రైవరుకు అటొకరు ఇటొకరు అతుక్కున్నారు, మునిశేఖర్ వెనకాల కమ్మీ పట్టుకుని వేలాడాడు. డ్రైవరు ఎవరినీ ఏమీ అనలేదు. చివర్న ఎక్కబోతున్న బాలచంద్రను చూసి మాత్రం ఇంజను ఆపాడు.

"ఏమప్పా, లోడు ఎక్కువైతాది. నువ్వు రెండు సీట్లకు ఇయ్యాల."

సంఘం ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, న్యాయమేనని తీర్మానించింది.

తిరుపతిలో ఆ సైకిలంగడి ఏసీది. చెప్పులు బయట విడవాలేమోనని అధ్యక్షులవారు సందేహించారు. లోపల సైకిళ్ళు నేలమీద లేవు, గోడలకు వేలాడుతున్నాయి. ఇన్‌షర్టు వేసుకున్న ఒక కుర్ర సేల్స్‌మ్యాను వాటిలో ఒకదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. ఇంకొకదాన్ని ఒక్క వేలితో ఎత్తాడు. దాని ధర మొదటిదానికి మూడింతలు.

మండీలో వెంట్రుకలు నెరిసిన బాలచంద్రకు ఈ వ్యాపారం అంతుబట్టలేదు. సరుకు తగ్గేకొద్దీ ధర పెరగడం ఆయన ఎక్కడా చూడలేదు. మునిశేఖర్ చెవిలో విడమరిచి చెప్పాడు.

"అది టెక్నాలజీ అప్పా. ఇంకా కొన్నాళ్ళకు బరువే లేని సైకిలు వస్తాది. దాన్ని కోటీశ్వరులు తప్ప ఎవురూ కొనలేరు."

"అది ఉండాదా లేదా అని ఎట్ట తెలుస్తాది?" అని బాలచంద్ర అడిగాడు.

"బిల్లు ఉంటాది గదా" అన్నాడు కార్యదర్శి.

సేల్స్‌మ్యాను చాలా సంస్కారవంతుడు. బాలచంద్ర బరువు వినగానే నవ్వలేదు, కంప్యూటరులో కొట్టి చూశాడు. ఆ అంగట్లో ఉన్న సైకిళ్ళన్నీ నూరు కిలోలకే, అదీ నీళ్ళ సీసాతో కలిపి. "సార్, మా సలహా ఏమంటే, మీరు ముందు ఒక ముప్పై కిలోలు తగ్గి రండి. అప్పుడు ఈ సైకిలు తొక్కితే చక్కగా బరువు తగ్గుతారు" అన్నాడు.

ఇది విని సంఘం తలలూపింది. ఇంత శాస్త్రీయంగా చెప్పేవాళ్ళు చిత్తూరు పక్క లేరని పరంధామయ్య గారు అభిప్రాయపడ్డారు.

అంతదూరం వచ్చి వట్టి చేతులతో పోవడం బాగుండదని, సైకిలు సంగతి తర్వాత చూసుకోవచ్చు, సామాన్లయినా చూద్దామన్నారు. ముందుగా ఒక నిక్కరు తెచ్చారు. కూర్చునే చోట మెత్త కుట్టి ఉంది. "దీని లోపల ఇంకేమీ వేసుకోకూడదు సార్" అని సేల్స్‌మ్యాను చెప్పగానే పరంధామయ్య గారు కండువాతో ముఖం కప్పుకుని బయటికి పోయి, ఆ నిక్కరును లోపల పెట్టేదాకా తిరిగి రాలేదు. తర్వాత పచ్చరంగు చొక్కా ఒకటి తెచ్చారు, అంగట్లో అదే అన్నింటికంటే పెద్దది. అది బాలచంద్ర తలను, ఒక చేతిని ఒప్పుకుంది. తక్కినదాన్ని ఒప్పుకోలేదు. వెనక్కి తీయడానికీ ఒప్పుకోలేదు. సేల్స్‌మ్యాను ఒక పక్క, మునిశేఖర్ ఒక పక్క పట్టుకుని, తడి బెల్లం దిమ్మె మీది గోనెగుడ్డ వలిచినట్టు వలిచారు. అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. సంఘం కూడా నవ్వింది. సంఘం నవ్వితే అది వేరు, అభిమానంతో నవ్వినట్టు లెక్క.

చివరికి ఆయనకు సరిపోయినవి హెల్మెటు, చేతి తొడుగులు, నల్లద్దాలు, నీళ్ళ సీసా, వెనకాల ఎర్రగా మిణుకుమనే లైటు. ఒక్క సైకిలు తప్ప సైక్లిస్టుకు కావలసినవన్నీ సమకూరాయి. హెల్మెటు పెట్టడానికి చోటు లేక తిరుగు ప్రయాణంలో బాలచంద్ర దాన్ని తలకే పెట్టుకున్నాడు. కిక్కిరిసిన ఆ ఆటోలో చట్టప్రకారం క్షేమంగా ఉన్నది ఆయన ఒక్కడే.

ఆ తర్వాత చిత్తూరు. సమీవుల్లా సైకిలంగడి. ఆయన్ను మెకానిక్ అంటే పలకడు, సైకిలు డాక్టరు అంటే పలికి ఫీజు పెంచుతాడు. బాలచంద్రను కింది నుంచి పైదాకా చూసి, లోపలి నుంచి నల్లటి ఇనుప సైకిలొకటి తోసుకొచ్చాడు. పాలక్యాన్లు మోసే రకం. పైన రెండు కమ్మీలు, వెనకాల మంచం లాంటి క్యారియరు.

"అన్నా, దీని తమ్ముడి మీద మా అబ్బా మా అమ్మీని, మమ్మల్ని నలుగురిని ఎక్కించుకోని ఉరుసుకు తీసకపోయినాడు. వచ్చేటప్పుడు పొట్టేలు గూడా ఉన్నింది."

"నిజమేనా భాయ్?" అన్నాడు మునిశేఖర్.

"పొట్టేలు ఇప్పుడు లేదు సాక్షి చెప్పేదానికి. తినేసినాము."

ఆయన లావు టైర్లు వేశాడు, చువ్వలు ఎక్కువున్న చక్రాలు బిగించాడు, తోలు సీటు కింద స్ప్రింగులు మార్చాడు. తన పనికి తానే ముగ్ధుడై కాసేపు నిలబడ్డాడు. కానీ మా ఊరి వాళ్ళు తూచనిదే దేన్నీ నమ్మరు. సైకిలును మండీకి తెప్పించి, బాలచంద్ర ఎంత బరువో అంత బెల్లం దానిమీద కట్టారు. నడిపి చూసే బాధ్యత మునిశేఖర్ తీసుకున్నాడు. సైకిలు బెల్లాన్నీ మునిశేఖర్‌నూ మోసుకుని మండీ చుట్టూ తిరిగి వచ్చింది. కిర్రుమని కూడా అనలేదు. మునిశేఖర్ బరువును ఎవరూ లెక్కలో కలపలేదు. సంఘ సభ్యులకు మినహాయింపు ఉంటుంది.

సంఘం నివేదిక ఇట్లా వచ్చింది. బెల్లానికి ఈ సైకిలు క్షేమకరం. మనిషి విషయంలో సందేహాలున్నాయి. బెల్లం కట్టిన చోట ఉంటుంది, మనిషి పక్కలకు చూస్తాడు. పైగా బెల్లం పొద్దున్నే సంగటి తిని రాదు. కావున బాలచంద్ర సగం సీటు మీద, సగం క్యారియరు మీద, కొంత ముందు కమ్మీ మీద సర్దుకుని కూర్చోగలిగితే సంఘానికి అభ్యంతరం లేదు.

బాలచంద్ర, "నేను దీన్ని కొనేసినా" అని మాత్రం అన్నాడు. సంఘం దీన్ని క్షమించింది.

సోమవారం ఉదయం బాలచంద్ర హెల్మెటు పెట్టుకుని సైకిలెక్కాడు. సైకిలుకు ఏమీ కాలేదు. కానీ ఆయన టీ అంగడి దాటలేకపోయాడు.

ఊరికి ఆయన మీద అంత ప్రేమ. ఒకరు ఎదురొచ్చి హ్యాండిలు పట్టుకున్నారు. "టైర్లు సూడు అబ్బా, అణిగిపోతావుండాయి." ఇంకొకరు వెనక క్యారియరు పట్టుకుని వెంటే పరుగెత్తారు, పడితే పట్టుకోవడానికట. బాలచంద్ర పడితే ఆ పట్టుకున్నవాడి గతి ఏమిటో అతను ఆలోచించలేదు. త్యాగం అంటే అదే. బస్సు కోసం నిలబడిన ఆడవాళ్ళు పిల్లలను వెనక్కి లాక్కున్నారు. ఒక మోటారుసైకిలు పక్కన వచ్చి ఆగింది. నడిపేవాడు, వాడి వెనక పెండ్లాం, ఆమె వెనక చెల్లెలు, ముందు ట్యాంకు మీద పిల్లోడు, పిల్లోడి ముందు గ్యాసు సిలిండరు. వాడు సిలిండరు మీదుగా మెడ చాచి, ఆప్యాయంగా అన్నాడు.

"జాగర్తన్నా. ఓవర్‌లోడు అయితాది."

బాలచంద్ర దిగాడు. దిగగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. వారం అయ్యేసరికి ఆయన ఉదయాన్నే సైకిలును టీ అంగడిదాకా తొక్కడం, అక్కడినుంచి సలహాలు వింటూ ఇంటిదాకా తోసుకుంటూ రావడం ఒక క్రమంలో పడింది. మోకాళ్ళు మునుపటికంటే ఎక్కువ నొప్పి పెట్టసాగాయి. బరువు తగ్గలేదు, సంఘం మొత్తానికి ప్రతిరోజూ టీలు ఇప్పించడం వల్ల ఆయనా రెండు తాగవలసి వచ్చేది. కత్తి దగ్గరపడుతోంది.

ఆయన పెండ్లాం మోహన ఇంట్లో మిషను కుడుతుంది. మాటలు తక్కువ. ఆరోజు బాలచంద్ర హెల్మెటును కొయ్యకు తగిలించి, గడపలో కూలబడ్డాడు.

"అమ్మేస్తా మోహనా. నాకు సైకిలు రాసి పెట్టలా."

"సైకిలుకేమైంది?"

"సైకిలుకేం కాలా. ఊరికే ఏమో అయ్యింది."

మోహన సూదిలో దారం ఎక్కించుకుంటూ అడిగింది. "నీకు తొక్కేది ఎవురు నేర్పిరి?"

"ఎవురు నేర్పుతారు? మామిడితోపులో మా నాయన కట్టెలమోపు సైకిలుకు కట్టి ఇంటికి తోయమనేవాడు. నేను ఎక్కి తొక్కేసేవాణ్ణి."

"అప్పుడెవురూ ఏమీ అనలా?"

"యాల అంటారు? కట్టెలు ఉన్నింది గదా, కట్టెల బండి పోతావుందనుకున్నారు. ఒగనాడు కట్టెలు దించేసి ఒట్టి సైకిలు ఎక్కినా. ఊరంతా కూడి అరిచినారు, సైకిలు ఇరిగిపోతాదని. మా నాయన మళ్ళా దాన్ని నాచేతికి ఇయ్యలా."

మోహన దారం ముడి వేసింది. కాసేపు మిషను ఆడింది. తర్వాత ఒక పాతచీర మడతలు పెట్టి మందంగా మెత్త కుట్టింది. అది తన కోసమనుకుని బాలచంద్ర మొగం చిన్నబుచ్చుకున్నాడు. ఆమె దాన్ని తీసుకుపోయి సైకిలు వెనక క్యారియరుకు కట్టింది.

"కొత్త బండికి పూజ చేపించలేదు నువ్వు. రేపు కాణిపాకం పోదాం పా."

"ఇద్దరమా? దీని మీదనా?"

"బస్సులో పోతే బండికి పూజ ఎట్ట చేస్తారయ్యా?"

మర్నాడు పొద్దున బాలచంద్ర సీటు మీద, మోహన క్యారియరు మీద, ఆమె ఒళ్ళో టెంకాయలూ నిమ్మకాయలూ ఉన్న సంచీ. ఇంటి మలుపు తిరిగేటప్పుడు బాలచంద్ర కండ్లు మూసుకుందామనుకుని, తొక్కేది తానే కదా అని మానుకున్నాడు.

టీ అంగడి వచ్చింది. ఎవరూ తల ఎత్తలేదు. మొగుడూ పెండ్లామూ సైకిలు మీద పోతున్నారు, అందులో చూసేదేముంది? ఊళ్ళో రోజూ జరిగేదే. పరంధామయ్య గారు మాత్రం పేపరు మీదినుంచి చూసి పలకరించారు.

"యాడికమ్మా, జంటగా?"

"కాణిపాకం పెదనాయనా."

"మంచిది. ఉండండి ఉండండి. నా పేరున గూడా ఒగ టెంకాయ కొట్టండి" అని పక్కంగట్లో కాయ కొని సంచీలో వేశారు. అది చూసి సంఘంలో ఇంకొకరికి మొక్కు గుర్తొచ్చింది, ఆయనా ఒక కాయ వేశాడు. టీ అంగడి యజమాని అరటిగెలలోంచి ఒక చీపు పండ్లు కోసి ఇచ్చాడు. మొన్న పిల్లలను వెనక్కి లాక్కున్న ఆడవాళ్ళు పూలమూరలు, దీపాలకు నూనె సీసా అందించారు. మునిశేఖర్ ఇంట్లోకి పరుగెత్తి, దిష్టి తీయడానికి పనికొస్తుందని, రెండు చేతులతో మోయలేక మోస్తూ ఒక గుమ్మడికాయ తెచ్చి ముందు కమ్మీకి స్వయంగా కట్టాడు. అన్నీ సర్దిన తర్వాత సైకిలును వెనకనుంచి తట్టి, "పోనీ అప్పా, ఏం గాదు, మంచి బండి" అన్నాడు.

బండి పోయింది.

ఊరు దాటి, ఇండ్లు అయిపోయి, రోడ్డుకు రెండు పక్కలా మామిడితోపులు మొదలైన చోట మోహన వీపు తట్టింది. "ఆపు." దిగింది. సంచీ, గుమ్మడికాయ అన్నీ దించి చెట్టు కింద పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు పో. ఆ మలుపు దాకా పోయి రా."

బాలచంద్ర అటూ ఇటూ చూశాడు. ఒక కుక్క తప్ప సలహా సంఘం ఏదీ కనిపించలేదు. ఎక్కి తొక్కాడు. పోయాడు. చాలాసేపటిదాకా రాలేదు. వచ్చినప్పుడు హెల్మెటు కింద మొగమంతా చెమట, నవ్వుతో పండ్లు కనబడుతున్నాయి. అంత పెద్ద మనిషి బెల్లు మోగించుకుంటూ వచ్చాడు. రోడ్డు మీద అడ్డం ఎవరూ లేరు.

కాణిపాకంలో సైకిలుకు పసుపూ కుంకుమా పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు నలిపారు, ఊరివాళ్ళ టెంకాయలన్నీ కొట్టారు. అక్కడ వినాయకస్వామి ఏటేటా పెరుగుతున్నాడని, యాభై ఏళ్ళనాటి వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టడం లేదని చెప్పుకుంటారు. పట్టని కవచం సంగతి విని మనం చెంపలు వేసుకుంటాం. పట్టని చొక్కాను చూసి ఏం చేశామో పైన రాసే ఉన్నాను.

అప్పటినుంచి రోజూ ఇదే ఏర్పాటు. ఊళ్ళో ఇద్దరూ పోతారు. మామిడితోపు దగ్గర ఆమె దిగుతుంది, ఆయన ఒక్కడే మలుపుల మీద మలుపులు తొక్కి వస్తాడు, ఊరి మొదట్లో ఆమె మళ్ళీ ఎక్కుతుంది. ఆర్నెల్లకు డాక్టరు కత్తిని పెట్టెలోనే ఉంచాడు. మండీ కాటా మీద ముల్లు మునుపటి చోటికి పోలేదు, పదిహేను కిలోలు ఇవతలే ఆగిపోయింది. ఉమ్మడి ఆస్తి తరిగిపోతుంటే ఊరు నిద్రపోయిందా అని పరంధామయ్య గారు చాలా బాధపడ్డారు. వెంటనే సంఘాన్ని సమావేశపరిచారు.

విచారణ జరిగింది. బాలచంద్ర ఎందుకు తరిగిపోతున్నాడు? కార్యదర్శి మునిశేఖర్ లేచి, కళ్ళారా చూసింది చెప్పాడు.

"రోజూ సూస్తానే ఉండా గదప్పా. పాపం, ఆ యమ్మను ఎనకాల కూచోబెట్టుకోని ఎంత కష్టపడి తొక్కుతావుండాడో. సెమటలు కారిపోతావుండాయి. మొగోడు సెప్పుకోలేడు. ఆ బరువుకే మనిషి సగమైపోయినాడు."

అందరి గుండెలూ కరిగాయి. పరంధామయ్య గారు కండువాతో కళ్ళు ఒత్తుకుని తీర్మానం చదివారు. బాలచంద్ర క్షేమం కోరి, ఆయన పెండ్లాం మోహన వెంటనే బరువు తగ్గవలెను. ముందుగా మండీకి వచ్చి కాటా ఎక్కవలెను.

ఈ సంగతి తెలిసి బాలచంద్ర మండిపడి, టీ అంగడికి బయలుదేరాడు. మోహన ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

"నన్ను తూచుకోనీలే. ఆ పనిలో ఉంటే నీ జోలికి రారు. నువ్వు ఎక్కు, పొద్దెక్కుతావుండాది."

ఆమె ఇంతవరకు కాటా ఎక్కలేదు. ఎక్కేదాకా సంఘం ఊరుకునేట్టు లేదు, అంచనాలు మాత్రం టీ అంగడి దగ్గర జోరుగా సాగుతున్నాయి. ఇంతకూ మోహన ఎంత బరువుంటుందో నేను ఎక్కడా రాయలేదు. చదువుతూ చదువుతూ ఎంతుంటుందబ్బా అని మీకు ఒక్కసారైనా అనిపించి ఉంటే మొగమాటపడవద్దు. పూతలపట్టు టీ అంగడి బెంచీ మీద, పరంధామయ్య గారి పక్కన, మీకు చోటు ఉంచాం.